అప్‌డేట్: ఫిజియాలజీ అంటే ఏమిటో తెలిసింది

మా పాప నర్సింగ్ మొదటి సంవత్సరం పుస్తకంలో అనాటమీ, ఫిజియాలజీ పక్కపక్కనే ఉంటే, రెండింటికీ తేడా ఏమిటి, తెలుగులో ఏమంటారు అని అడిగాను కదా. జవాబు చెప్పిన అందరికీ నమస్కారాలు.

అనాటమీ శరీర నిర్మాణ శాస్త్రం, ఫిజియాలజీ శరీరధర్మ శాస్త్రం అన్నారు. ఆ 'ధర్మం' దగ్గరే ఆగిపోయాను. నిప్పు ధర్మం కాల్చడం అంటాం చూడండి, ఆ అర్థంలో, అంటే శరీరం పనిచేసే తీరు అని పాపే చెప్పింది.

పోయిన శనివారం అలిపిరి మెట్లెక్కాం. గాలిగోపురం దగ్గర నేను ఆయాసపడుతుంటే పాప నా మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి 132. కాసేపు కూర్చున్నాక 94. "గుండెకు నాలుగు గదులుండటం అనాటమీ నాన్నా. కాళ్ల కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలని గుండె వేగం పెంచింది చూడు, అది ఫిజియాలజీ" అంది. చెమట పట్టి ఒళ్లు చల్లబడటమూ అంతేనట. నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఈ మాట శాస్త్రానికే కాదు, ఆ పనితీరుకూ వాడతారు: 'కిడ్నీ ఫిజియాలజీ' అంటే కిడ్నీ పనిచేసే తీరు. మనుషులకే పరిమితం కూడా కాదు. మామిడి చెట్టు పూత పట్టడం ప్లాంట్ ఫిజియాలజీలోకి వస్తుంది.

ఇంకొకటి. మనం మెడిసిన్ నోబెల్ అనేదాని అసలు పేరు 'ఫిజియాలజీ లేదా మెడిసిన్'. సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్‌కు 1902లో వచ్చింది అదే.

ఫిజియోథెరపీ, సైకాలజీ కూడా ఇదేనా అని అడిగినవాళ్లకు: అవి వేరే సబ్జెక్టులు.