పాపకి గుండె ఆపరేషన్: ఇది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా పాపకి 14 నెలలు. పుట్టుకతోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి ఇరుకు. గట్టిగా ఏడిస్తే పెదాలు నీలంగా మారిపోతాయి. వెంటనే మోకాళ్లు రొమ్ముకి ఆనించి పట్టుకుంటాం, కాసేపటికి తేరుకుంటుంది. పోయిన వారం మాత్రం చాలాసేపు పట్టింది.

ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే పల్మనరీ ఆర్టరీలు మరీ సన్నగా ఉన్నాయట. ముందు షంట్ (ఊపిరితిత్తులకి ఇంకాస్త రక్తం వెళ్లేలా పెట్టే చిన్న గొట్టం) వేసి, అవి ఎదిగాక పెద్ద ఆపరేషన్ చేద్దామని ఒక సర్జన్. రిస్కే అయినా ఒకేసారి చేసేద్దామని ఇంకొకాయన. ఇద్దరి మీదా నమ్మకం ఉంది, చిక్కంతా అదే.

నిర్ణయం డాక్టర్లతో కూర్చునే తీసుకుంటాం. మీ అనుభవం కావాలి. రెండు విడతలుగా చేయించినవాళ్లు ఉన్నారా? ఆ మధ్య నెలలు ఎలా గడిపారు? షంట్ మూసుకుపోకుండా ఆస్పిరిన్ ఇస్తారట, ఒంట్లో నీరు తగ్గకూడదట. మరి విరేచనాలు పట్టుకుంటే ఏం చేశారు? వెంటిలేటర్ మీద బిడ్డని మొదటిసారి చూసేముందు ఏం తెలిసుంటే బాగుండేది?

మా ఆయన సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఆరేళ్ల పెద్దాడేమో "చెల్లిని కోస్తారా అమ్మా?" అంటున్నాడు. వాడికి ఏమని చెప్పను?