మేజ్ గోడలు మాయమవుతున్న పాక్‌మ్యాన్ బోర్డు: లోపమా, కాపీయా?

ప్రశ్న: పాక్‌మ్యాన్ వీడియోగేమ్ పేరుతో అమ్మిన పాత ఆర్కేడ్ సర్క్యూట్ బోర్డు ఇది. పెద్ద చుక్క తినగానే ఒక్కోసారి మేజ్ (చిక్కుదారుల) గోడలన్నీ మాయమవుతున్నాయి. పైగా దయ్యాలు, పాక్‌మ్యాన్ బొమ్మ గీతలు గీతలుగా చెదిరిపోతున్నాయి. చుక్కలు, స్కోరు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. ర్యామ్ మార్చాలా?

జవాబు: ర్యామ్ జోలికి అప్పుడే వెళ్ళకండి. మొదటిది అసలు లోపమే కాదండీ. అనుమతి లేకుండా చేసిన ‘హ్యాంగ్లీ మ్యాన్’ అనే కాపీలో గోడలు కనబడకుండా పోయేలా ప్రోగ్రామ్‌నే మార్చారు. నామ్కో 1980లో తెచ్చిన ఒరిజినల్‌లో ఆ వేషం లేదు. ఎంత రిపేరు చేసినా అది పోదు.

రెండోది మాత్రం నిజమైన లోపమే. ఒరిజినల్ బోర్డులో 5ఈ స్థానంలోని చిప్‌లో మేజ్, చుక్కలు, అంకెల బొమ్మలు ఉంటాయి, 5ఎఫ్‌లో దయ్యాలు, పాక్‌మ్యాన్ ఉంటాయి. మీకు చుక్కలు, స్కోరు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ముందు చూడాల్సింది 5ఎఫ్. కాపీలు చాలావరకు ఒరిజినల్ సర్క్యూట్‌ని మక్కికి మక్కి దించినవే, అందుకే దాని స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) దగ్గర పెట్టుకుంటే పని జరుగుతుంది. అయితే కొన్నిట్లో 4 కేబీ చిప్ ఒకటి ఉండాల్సిన చోట 2 కేబీ 2716 రకం చిప్‌లు రెండుంటాయి.

కరెంటు తీసేసి చిప్ ఊడదీయండి. కాళ్ళు నల్లబడి ఉంటే రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. చవకరకం సాకెట్లు వదులైపోవడమే ఈ బోర్డుల పెద్ద జబ్బు. అయినా తగ్గకపోతే 5ఈ, 5ఎఫ్ రెండూ ఒకేరకం చిప్‌లైతే ఒకదాని చోట ఒకటి పెట్టి చూడండి. బొమ్మలు తారుమారవుతాయి, కంగారు పడకండి, గీతలు ఎటు వెళ్ళాయో అదొక్కటే గమనించండి. మేజ్‌లోకి వస్తే చిప్ పోయినట్టు. దయ్యాల దగ్గరే ఉండిపోతే సాకెట్‌నో, ఆ బొమ్మలు గీతగీతగా చేరే చిన్న ర్యామ్‌నో అనుమానించాలి.

ప్రశ్న: చిప్పే పోతే కొత్త 2732 రకం చిప్‌లో డేటా రాసి పెట్టేయొచ్చా?

జవాబు: సాకెట్ దేనికోసం వేశారో చూశాకే. 2532, 2732 రెండూ 4 కేబీలే, 24 కాళ్ళవే, కానీ 18, 20, 21 కాళ్ళ పని వేరు. 2732లో ఎ11 అనే అడ్రస్ లైను 21వ కాలికి వస్తుంది, 2532లో 18వ కాలికి. 2532 సాకెట్‌లో 2732 నేరుగా పెడితే పనిచేయదు, అడాప్టర్ కావాలి. రాసే ముందు పాత చిప్‌ని ప్రోగ్రామర్‌తో (చిప్‌లు చదివి, రాసే పరికరం) చదివి, చెక్‌సమ్‌ని (డేటా సరిగ్గా ఉందో తేల్చే అంకె) ఆర్కేడ్ ఎమ్యులేటర్ మేమ్‌లోని ‘హ్యాంగ్లీ’ సెట్‌తో పోల్చండి. రాశాక గాజు కిటికీ మీద స్టిక్కర్ అంటించడం మరవొద్దు, ఎండ తగిలితే డేటా మెల్లగా చెరిగిపోతుంది.

ఇంకొకరి జవాబు: మళ్ళీ ఆన్ చేసే ముందు కనెక్టర్ కూడా చూసుకోండి. ఆర్కేడ్ బోర్డుల కనెక్టర్లకు ఒకే అమరిక పెట్టిన జామా పద్ధతి 1985లో వచ్చింది, ఈ బోర్డు దానికి ముందుతరానిది. 44 పిన్నుల కనెక్టర్ ఉన్నంత మాత్రాన పిన్నుల వరుస ఒరిజినల్‌లాగే ఉంటుందని నమ్మకండి. 74ఎల్‌ఎస్00 చిప్ ఒకటి వెతకండి: 7వ కాలు గ్రౌండ్, 14వ కాలు 5 వోల్టులు. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి అక్కడినుంచి కనెక్టర్ వరకు పట్టుకుంటూ వస్తే గ్రౌండ్, 5 వోల్టుల పిన్నులు ఏవో చాలావరకు తేలిపోతుంది. ఆన్ చేశాక అదే చిప్ మీద 4.9 నుంచి 5.1 వోల్టులు ఉండాలి. సప్లై దగ్గర కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, తీగల్లో కొంత పోతుంది కదా.

ప్రశ్న: మరి ఇది కాపీయేనని ఖాయంగా చెప్పేదెలా? కస్టమ్ (ఈ ఆటకోసమే ప్రత్యేకంగా చేసిన) చిప్‌ల బదులు చిన్న చిన్న బోర్డులున్నాయి.

జవాబు: ఆ ఒక్క గుర్తుతో తేల్చకండి, అమెరికాలో లైసెన్సుతో పాక్‌మ్యాన్ తయారుచేసిన మిడ్‌వే కంపెనీ అసలు బోర్డుల్లోనూ అలాంటివి కనిపిస్తాయి. 6ఈ, 6ఎఫ్, 6హెచ్, 6జే స్థానాల్లోని ప్రోగ్రామ్ చిప్‌ల చెక్‌సమ్‌లే అసలు సాక్ష్యం. కాపీ అని తేలితే, ఇతరులకు ఇచ్చేటప్పుడు ఆ మాట ముందే చెప్పండి.