వాట్సాప్ ఖాతా తిరిగి వచ్చింది సరే, అందులోని ఆధార్ ఫొటోల మాటేమిటి?

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. మా పెద్దమ్మగారి అబ్బాయి కాకినాడ దగ్గర ఎరువుల దుకాణం నడుపుతారు. గత వారం ఆయన వాట్సాప్ ఖాతా ఎవరి చేతికో చిక్కింది. గుడి కమిటీ గ్రూపులోని ఒక పరిచయస్థుడి నంబరు నుంచి "అన్నా, నాకు రావలసిన ఆరంకెల కోడ్ పొరపాటున మీ ఫోనుకు వచ్చింది, కాస్త పంపండి" అని సందేశం రావడం, తెలిసిన మనిషే కదా అని అన్నయ్య పంపేయడం, మరుక్షణమే తన ఫోనులో వాట్సాప్ లాగౌట్ కావడం వరసగా జరిగిపోయాయి. కాసేపటికే బంధువులకు "అర్జెంటుగా ఇరవై వేలు కావాలి, సాయంత్రానికల్లా వేసేస్తాను" అని సందేశాలు వెళ్లాయి. మా పిన్ని మాత్రం వెంటనే పసిగట్టింది. ఎప్పుడూ వాయిస్ మెసేజీలే తప్ప టైపు చేయని మనిషి ఆ రోజు టైపు చేయడమే కాక, ఆమెను "ఆంటీ" అని పిలిచాడట! అదృష్టవశాత్తు డబ్బు ఎవరికీ పోలేదు. ఖాతా కూడా తిరిగి వచ్చింది.

నా సందేహం ఆ తరువాతి సంగతి గురించి. అన్నయ్య ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, రద్దు చేసిన చెక్కు అన్నీ వాట్సాప్‌లోనే జిరాక్సు షాపుకీ, చిట్టీ కంపెనీకీ, డీలరుకీ ఎన్నోసార్లు పంపారు. అవన్నీ ఆ దొంగ చేతిలో పడినట్టేనా? వాడు ఇప్పటికీ ఎక్కడో కూర్చుని చదువుతున్నాడేమోనన్న భయం ఎలా తీరుతుంది?

పాతతాళం:

గోదారిగట్టు గారూ, మీ అన్నయ్యగారి విషయంలో జరిగినదానికి, మీరు భయపడుతున్నదానికి మధ్య కొంత తేడా ఉంది. ఆ ఆరంకెల కోడ్ నిజానికి ఆయన నంబరును వేరే ఫోనులో నమోదు చేయడానికి వాట్సాప్ పంపినదే. అది చేతికి అందగానే దొంగ తన ఫోనులో ఆ నంబరుతో ఖాతా తెరిచాడు. అయితే పాత సంభాషణలు ఆ ఖాతాతో పాటు వెళ్లవు. అవి మీ అన్నయ్యగారి ఫోనులో, బ్యాకప్ పెట్టుకుని ఉంటే ఆయన గూగుల్ ఖాతాలో ఉంటాయి. కనుక ఈ దారిలో వచ్చినవాడికి గ్రూపుల పేర్లు, వాటిలోని సభ్యుల నంబర్లు, ఖాతా వాడి చేతిలో ఉన్నంతసేపు కొత్తగా వచ్చిన సందేశాలు మాత్రమే కనబడతాయి. గత ఏడాది పంపిన ఆధార్ ఫొటో కనబడదు. ఆయన తన సిమ్ ఉన్న ఫోనులో మళ్లీ నమోదు చేసి కొత్త కోడ్ కొట్టిన క్షణమే అవతలివాడు బయటికి పోయాడు. దొంగ తనే ఒక పిన్ పెట్టి వెళ్లిన సందర్భాల్లో అసలు యజమాని ఏడు రోజులు ఆగవలసి వస్తుంది గాని, ఆ ఏడు రోజులూ దొంగకు కూడా ప్రవేశం ఉండదు.

అసలు భయపడవలసింది రెండో దారికి. సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" అని ఒకటి ఉంటుంది. ఒక ఫోనుకు నాలుగు వరకు వేరే పరికరాలను జోడించుకోవచ్చు. అలా జోడించిన కంప్యూటరుకు ఇటీవలి సంభాషణలు ఫొటోలతో సహా చేరిపోతాయి, పైగా ఫోనులో ఏమీ లాగౌట్ కాదు కాబట్టి యజమానికి తెలియనే తెలియదు. "ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?" అంటూ ఒక లింకు పంపి, అక్కడ ఫోను నంబరు అడిగి, తెరమీద కనబడిన ఎనిమిది అక్షరాల కోడ్‌ను వాట్సాప్‌లో కొట్టించడం ఇందులో కొత్త ఎత్తుగడ. దీనికి ఘోస్ట్ పెయిరింగ్ అని పేరు పెట్టారు. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి ఈ రోజే అన్నయ్యగారి ఫోనులో ఆ జాబితా తెరిచి, తనది కాని పరికరం ఏది కనబడినా లాగౌట్ చేయించండి. ఆ తరువాత అకౌంట్ విభాగంలో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ (కొత్త ఫోనులో నమోదు చేసేటప్పుడు కోడ్‌తో పాటు అడిగేది) పెట్టించి, ఈమెయిలు కూడా జత చేయించండి. ఈమెయిలు లేకుండా పిన్ పెట్టుకుని మరచిపోయిన వాళ్ల ఇబ్బంది వేరు.

ఇంకొక మాట. పార్సిల్ తెచ్చానంటూ ఫోన్ చేసి, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఏదో నంబరు నొక్కమని చెప్పేవాళ్లుంటారు. అది మన కాల్స్‌ను వాళ్ల నంబరుకు మళ్లించే పద్ధతి. కోడ్‌ను కాల్ ద్వారా చెప్పమని వాట్సాప్‌ను అడిగితే ఆ కాల్ నేరుగా వాళ్లకే వెళుతుంది, మనం ఎవరికీ ఏ కోడూ చెప్పకుండానే ఖాతా పోతుంది. అనుమానంగా ఉంటే ##002# డయల్ చేసి మళ్లింపులన్నీ రద్దు చేసుకోవచ్చు.

రిటైర్డ్_క్యాషియర్:

పాతతాళం గారు ఖాతా సంగతి చెప్పారు కనుక నేను కాగితాల సంగతి చెబుతాను. నా ఉద్దేశంలో గోదారిగట్టు గారి అన్నయ్య ఆధార్‌కు ముప్పు ఆ దొంగ కంటే జిరాక్సు షాపు నుంచే ఎక్కువ. మా వీధి చివర ఉన్న షాపునే చూడండి. కౌంటరు మీది కంప్యూటరులో పొద్దున తెరిచిన వాట్సాప్ వెబ్ రాత్రి షట్టరు దించేదాకా తెరిచే ఉంటుంది. గోడకు అంటించిన నంబరుకు జనం ఆధార్, పాన్, పట్టాదారు పాసుపుస్తకం, ఆడపిల్లల మార్కుల జాబితాలు పంపుతూనే ఉంటారు. ప్రింటు తీయడానికి ఆ కుర్రవాడు ప్రతిదాన్నీ డౌన్‌లోడ్ చేస్తాడు, ఒక్కదాన్నీ తుడిచేయడు. ప్రింటు అందగానే మనం "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కినా చాట్‌లోది పోతుందే గాని, డౌన్‌లోడ్ ఫోల్డరులోది పోదు. ఆ కుర్రవాడు దొంగ అని నేను అనడం లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అవన్నీ కనబడతాయని మాత్రమే అంటున్నాను. ప్రింటు చేతికి రాగానే, అతని ఎదురుగానే నిలబడి ఆ ఫైలు తుడిపించుకోవడానికి మొహమాటపడనక్కర లేదు.

ఇకమీదట పంపవలసి వస్తే ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకుని అదే పంపండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. కాగితం కాపీ ఇచ్చేటప్పుడు ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చామో దాని మీదనే అడ్డంగా రాయడం మా కాలం నుంచీ ఉన్న అలవాటే. ఫొటో తీసి పంపేటప్పుడూ అదే పద్ధతి పాటించవచ్చు.

ఇప్పటికే బయటికి పోయిన కాగితాలను వెనక్కి తేలేము గాని, వాటితో ఎవరైనా ఏమైనా చేశారేమో కనిపెట్టవచ్చు. మొదట టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో అన్నయ్యగారి పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూడండి. ఆయనది కాని నంబరు కనబడితే అక్కడే "నాది కాదు" అని ఫిర్యాదు పెట్టవచ్చు. ఇతరుల ఆధార్‌తో తీసుకున్న సిమ్ చివరికి ఏ మోసంలోనో తేలితే, పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఆధార్ యజమాని ఇంటికే కనుక దీన్ని తేలికగా తీసుకోవద్దు. తరువాత క్రెడిట్ రిపోర్టు, అంటే ఆయన పేరు మీద ఉన్న అప్పుల చిట్టా. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడవునా కన్నేసి ఉంచినట్టవుతుంది. పాన్ సాయంతో ఎవరైనా యాప్ అప్పు తీసుకుని ఉంటే చాలా వరకు అక్కడే బయటపడుతుంది. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం ఆయనకు లేకపోతే ఆధార్ బయోమెట్రిక్ కూడా లాక్ చేసి ఉంచడం మంచిది.

డబ్బు పోలేదు కదా అని ఫిర్యాదు మానుకోకండి. ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద, మరొకరిలా నటించి కంప్యూటరు లేదా ఫోను ద్వారా మోసగించడం 66డీ కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ రసీదు నంబరు దాచి ఉంచితే, రేపు ఆయన పేరు మీద ఏ సిమ్మో అప్పో బయటపడినప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది.

ఏకాంతవాసి:

ఇంత తతంగం ఎందుకు? వాట్సాప్ తీసేసి సిగ్నల్‌కో టెలిగ్రామ్‌కో మారిపోతే సరిపోతుంది.

పాతతాళం:

ఏకాంతవాసి గారూ, సిగ్నల్ మంచి యాపే, నేనూ వాడతాను. కాని అక్కడ కూడా ఖాతా ఫోను నంబరు మీదనే మొదలవుతుంది, అక్కడ కూడా కోడ్ వస్తుంది. పరిచయస్థుడు అడిగాడని కోడ్ చెప్పేసే మనిషి ఏ యాప్‌లోనైనా చెప్పేస్తాడు. టెలిగ్రామ్ విషయమైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. సీక్రెట్ చాట్లు తప్ప మిగిలిన సంభాషణలన్నీ వాళ్ల సర్వర్లలో ఉంటాయి కాబట్టి, లోపలికి వచ్చినవాడికి పాతవి కూడా కనబడతాయి. ఇందాక నేను చెప్పిన ఊరట అక్కడ వర్తించదు. వాడేవాళ్లు అందులోనూ అదనపు పాస్‌వర్డు పెట్టుకుని, డివైసెస్ జాబితా చూసుకోవాలి. అన్నిటికీ మించి, గుడి కమిటీ గ్రూపు మొత్తాన్నీ ఎవరు మారుస్తారండీ?

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. లింక్డ్ డివైసెస్‌లో అన్నయ్య దుకాణంలోని కంప్యూటరు తప్ప వేరేవి లేవు, పిన్ కూడా పెట్టించాను. ఇవన్నీ ఇంట్లో చర్చిస్తుంటే మా అమ్మ ఒక సంగతి చెప్పింది. రెండు రోజుల కిందట ఒక దూరపు బంధువు నంబరు నుంచి "పెళ్లి పత్రిక" అని ఫైలు వచ్చిందట. నొక్కితే ఏదేదో అడిగిందని, అన్నిటికీ సరే అన్నా పత్రిక మాత్రం తెరుచుకోలేదని, ఇక వదిలేశానని అంటోంది. ఇందులో కంగారు పడవలసింది ఏమైనా ఉందా?

పాతతాళం:

ఉంది, వెంటనే కదలండి. పెళ్లి పత్రిక ఫొటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతో తిరిగేవి కూడా ఇలాంటివే. అమ్మగారు "సరే" అన్నవాటిలో ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఉండి ఉంటే, ఆమె ఫోనుకు వచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికి చేరుతున్నట్టే. అప్పుడు వాడికి ఏ కోడూ అడగవలసిన పనే లేదు.

ముందుగా ఆ ఫోనులో డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఆమె బ్యాంకుకు మీ ఫోను నుంచి కాల్ చేసి, నెట్ బ్యాంకింగు, యూపీఐ తాత్కాలికంగా ఆపించండి. ఆమె ఫోను నుంచే ఈ పని చేయడం తగదు. డబ్బు కదిలినట్టు బ్యాంకువాళ్లు చెబితే ఇంకేమీ ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఖాతాలు మారకముందే నిలిపివేయించడానికి గంటలు కాదు, నిమిషాలు లెక్క. తరువాత సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా మొత్తం చూడండి, ఎందుకంటే ఇలాంటివి గుర్తు కనబడకుండా దాక్కుంటాయి. ఫోను మీద పెత్తనం ఇచ్చే యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు ఏ యాప్‌కు ఉన్నాయో చూసి, తెలియనిదానికి అవి తీసేస్తే గాని అది అన్‌ఇన్‌స్టాల్ కాదు. అయినా మనసు కుదుటపడకపోతే ఫొటోలు వేరే చోటికి మార్చుకుని ఫోను మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, నేనైతే అదే చేయిస్తాను. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చడం ఆ తరువాతే.

ఈలోగా ఆ బంధువుకు కూడా మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పండి. ఆ ఫైలు ఆయన కావాలని పంపి ఉండరు, ఆయన ఫోను కూడా అదే అవస్థలో ఉండి ఉండవచ్చు.