ఫైర్‌మన్ కావాలంటే 167.6 సెంటీమీటర్లు ఉండాల్సిందేనా?

మెతుకుసీమ:
తెలంగాణలో 2022లో కానిస్టేబుళ్లతో పాటు ఫైర్‌మన్ పోస్టులకూ నోటిఫికేషన్ ఇచ్చారు. ఇంటర్ పాసై ఉండాలి. ఎత్తు 167.6 సెం.మీ.కి తగ్గకూడదు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. కానిస్టేబుల్‌కి పెట్టినవే దాదాపు ఇక్కడా పెట్టారు. మంటల్లో గుండు ఎక్కడ విసురుతాం? ఎత్తు నిబంధన తీసేసి పనికి సంబంధించిన పరీక్ష పెట్టాలని నా వాదన. ఆ 167.6 కూడా అయిదడుగుల ఆరంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చిన లెక్కే. ఏ ఫైర్ స్టేషన్‌లోనో పరిశీలించి తేల్చిన అంకెలా కనిపించదు.

హోస్‌పైప్ బాబాయ్:
నేను లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. తమ్ముడూ, ఎత్తు ఊరికే పెట్టలేదు. పెద్ద ఎక్స్‌టెన్షన్ నిచ్చెన నలుగురం కలిసి లేపుతాం. అందులో ఒకడు పొట్టివాడైతే నిచ్చెన నిలబెట్టేటప్పుడు బరువు మిగతా ముగ్గురి మీద పడుతుంది. వెహికల్ పైనుంచి సామాను దించడం, వీపున బీఏ సెట్‌తో (పొగలో ఊపిరి పీల్చుకునే గాలి సిలిండర్) కిటికీ అందుకోవడం... ఇవన్నీ నోటిఫికేషన్‌లో రాయరు. గుండు సంగతి అంటావా, అది నాకూ నచ్చదు.

డాలస్ శీను:
అమెరికాలో చాలా నగరాలు సీప్యాట్ అనే పరీక్ష వాడతాయి. అందులో ఎత్తుతో పని లేదు. 50 పౌండ్ల బరువున్న జాకెట్ వేసుకుని మొత్తం ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. హోస్ లాగడం, నిచ్చెన లేపడం, చీకటి గొట్టంలో పాకడం, 165 పౌండ్ల బొమ్మను ఈడ్చుకెళ్లడం వంటివన్నీ ఉంటాయి. మెట్లెక్కే భాగంలో మరో 25 పౌండ్లు భుజాలపై పెడతారు. బాబాయ్ చెప్పిన పనులు చాలావరకు అందులోనే ఉన్నాయి. ఎవరి చేతికి నిచ్చెన అందదో అక్కడే తేలిపోతుంది కదా, ముందుగా టేపు పెట్టి కొలవడం దేనికి?

కోచింగ్ సార్:
శీనుగారూ, అక్కడ పరీక్ష రాసేవాళ్లు ఎందరు, ఇక్కడ ఎందరు? మన దగ్గర లక్షల మంది. ఎత్తును మెషీన్ కొలుస్తుంది, పరుగుకి చిప్ ఉంటుంది. ఇందులో ఎవరి దయా ఉండదు. బొమ్మ ఈడ్చావా లేదా, నిచ్చెన సరిగ్గా లేపావా అని ఒక ఆఫీసర్ చూసి మార్కు వేస్తే మర్నాడే హైకోర్టులో పిటిషన్లు పడతాయి. ఇంత పకడ్బందీగా మెషీన్‌తో కొలిచినా, సెంటీమీటర్ లోపు తేడాతో పోయినవాళ్లకు 2023 ఫిబ్రవరిలో మళ్లీ కొలతలు తీయాల్సి వచ్చింది.

మెతుకుసీమ:
సార్, మీరు చెప్పేది పరీక్ష పెట్టేవాళ్ల సౌలభ్యం. పనికి ఎవరు సరిపోతారనేది వేరే ప్రశ్న. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు ఎత్తు 160 ఉంటే చాలు. అది న్యాయమే, నాకు అభ్యంతరం లేదు. ఆ అన్నలు 160తో మంటలార్పగలిగితే 165 ఉన్న మిగతావాళ్లు ఎందుకు ఆర్పలేరు? నిచ్చెనకి మన జిల్లా తెలియదు కదా.

హోస్‌పైప్ బాబాయ్:
ఆ సడలింపు పనికోసం ఇచ్చింది కాదు బాబూ, ఆ ప్రాంతాల పిల్లలకి అవకాశం ఇవ్వాలని ఇచ్చింది. రెండూ కలపకు.

భాగ్యనగర్ పిల్ల:
కలపక తప్పదండీ. వాళ్లు కూడా అదే బీఏ సెట్ వేసుకుని అదే కాల్‌కి వెళ్తారు. అయినా ఎత్తు ఎప్పుడూ లాభమే అనుకోకండి. 2025 మేలో హైదరాబాద్ పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయిన ఇంటికి దారి సన్నగా ఉంది, పైకి మెట్లు ఇరుకు. అలాంటి చోట పాకగలిగేవాడు కావాలి. ఆడపిల్లల మాట కూడా ఇక్కడే రావాలి. నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో చేరిన మొదటి మహిళ హర్షిణి కన్హేకర్, అదీ 2002లో. కాలేజీ మొదలైంది 1956లో. ఎత్తు టేపే తలుపు దగ్గర కూర్చుంటే ఇలాంటి ఆలస్యాలే అవుతాయి.

కోచింగ్ సార్:
గుల్జార్ హౌజ్‌లో ఎవరి ఎత్తూ కారణం కాదమ్మా. దాన్ని ఈ వాదనలోకి లాగడం నాకు సబబుగా లేదు.

భాగ్యనగర్ పిల్ల:
కారణమని నేను అనలేదు సార్. పని ఎలాంటి చోట జరుగుతుందో చెప్పాను.

డాలస్ శీను:
లెక్క కోసం ఇంకో మాట. హైదరాబాద్‌లో ఫైర్ స్టేషన్లు జీహెచ్ఎంసీవి కావు, రాష్ట్ర శాఖవి. ముంబయిలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవలు మున్సిపాలిటీల పనుల్లో ఉన్నాయి. నగరమే తన సిబ్బందిని తీసుకుంటే వేల మందికే పరీక్ష పెట్టుకోవచ్చు. కోచింగ్ సార్ చెప్పిన లక్షల మంది ఇబ్బంది అక్కడే చాలావరకు తగ్గుతుంది.

హోస్‌పైప్ బాబాయ్:
కార్పొరేషన్ చేతికిస్తే జీతాలు ఎవరిస్తారో ముందు కనుక్కో. సరే, గుండు తీసేసి బొమ్మ పెట్టండి, నాకు సమ్మతమే. సెన్సర్ పెట్టి టైం తీస్తే కోర్టు గొడవా తగ్గుతుంది. ఎత్తు మాత్రం 165కి దించితే చాలు, అంతకన్నా కిందికి వద్దు.

మెతుకుసీమ:
165 ఎక్కడిది బాబాయ్? దానికి మాత్రం లెక్కేముంది?