కూలర్ షాకు, లెవన్ కేవీ షాకు: ఎవర్ని ఇంటికి పంపొచ్చు, ఎవర్ని పంపకూడదు?

సైట్ సూపర్‌వైజర్, ఆటోనగర్, విజయవాడ:
మా సైటు పక్కనే లెవన్ కేవీ లైను ఉందండి. వచ్చే వారం మూడో అంతస్తుకి రాడ్లు లాగాలి. కుర్రాళ్లకి ముందే చెప్పి పెట్టాలని అడుగుతున్నా. 230 వోల్టుల షాకు కొట్టినవాడు లేచి కూర్చుంటే కాసిని మజ్జిగ తాగించి వదిలేయొచ్చా? పైనున్న ఆ లెవన్ కేవీ లైను కొట్టి అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చే పడితే, వీధి చివర క్లినిక్‌లో కట్టు కట్టిస్తే చాలదా?

క్యాజువాలిటీ డాక్టర్, గుంటూరు:
రెండోది ముందు చెబుతానండి, అందరూ మోసపోయేది అక్కడే. 1000 వోల్టులు దాటితే మాకు హై వోల్టేజ్, మీ లైను 11,000. అరచేతిలో మచ్చ ఉంటే చెప్పులు, బూట్లు విప్పి పాదాలు కూడా చూడండి, కరెంటు బయటికి పోయినచోట ఇంకో మచ్చ ఉండొచ్చు. ఆ రెంటి మధ్య కండ లోలోపల ఉడికిపోయి ఉండొచ్చు. ఎముక బాగా వేడెక్కి చుట్టూ ఉన్న కండని కాలుస్తుంది, పైన చర్మం మాత్రం మామూలుగానే కనిపిస్తుంది.

చచ్చిన కండలోంచి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి దిగి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అదేనని అనుకోండి. ఒంట్లో ఎంత శాతం కాలిందో చూసి సెలైన్ లెక్కకట్టే పద్ధతి ఇక్కడ తక్కువ చూపిస్తుంది. అందుకే రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం ఎక్కిస్తూ, పెద్దవాళ్లకి గంటకి 75 నుంచి 100 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా, రంగు తేరేదాకా చూస్తాం. ఈలోగా పొటాషియం పెరిగితే గుండె ఆగొచ్చు. ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సీపీకే (కండ దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే పరీక్ష) ఒక్కసారి చేసి ఊరుకునేవి కావు.

ముంజేయి చెక్కలా గట్టిపడి, వేళ్లు చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి వస్తోందంటే లోపలి వాపు రక్తనాళాల్ని నొక్కేస్తోందన్నమాట. చర్మాన్నీ కండ మీది గట్టి పొరనీ నిలువునా కోసి వదులు చేయాలి. నాడి అందుతోంది కదా అని ఆగితే చెయ్యి పోతుంది, నాడి తప్పేది ఆఖర్న. సుమారు ఆరు గంటలు దాటితే ఆ కండ చాలావరకు తిరిగి రాదు. కాబట్టి క్లినిక్ వద్దు. 108లో జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) లాంటి, రాత్రిపూట కూడా సర్జనూ డయాలసిస్సూ ఉండే చోటికే తీసుకెళ్లండి. ఉంగరం, కడియం, చేతి తాడు దారిలోనే తీసేయండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి మజ్జిగ కాదు, మంచినీళ్లు కూడా పట్టొద్దు.

లైన్ల పని తెలిసినవాడు, తెనాలి:
డాక్టరు గారి దాకా చేరాలంటే ముందు మనిషిని విడిపించాలి. ఇంట్లో అయితే మెయిన్ ఆఫ్ చేయండి, అందకపోతే పొడి కర్రతో నెట్టండి. లెవన్ కేవీ దగ్గర పొడి కర్రని కూడా నమ్మకండి. కరెంటు ఆఫీసు వాళ్ల 1912 నంబరుకి చెప్పి ఫీడర్ (ఆ లైనుకి కరెంటిచ్చే సరఫరా) ఆపించండి, ఆపామని వాళ్లు చెప్పేదాకా పది మీటర్ల దూరంలో ఉండండి. ట్రిప్ అయింది, అంటే కరెంటు దానంతటదే ఆగింది కదా అని దగ్గరికి పోకండి, మళ్లీ ఛార్జ్ చేయొచ్చు.

లెవన్ కేవీకి భవనం నుంచి పక్కకి 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది గోడకి పెట్టిన నిబంధన. 12 మీటర్ల రాడ్డు నిలువుగా లేపితే ఆ లెక్క ఎగిరిపోతుంది. లైనుకి అవతలి వైపు నుంచి, అడ్డంగా లాగండి. కుదరకపోతే సప్లై ఆపించుకున్నాకే పని.

సైట్ సూపర్‌వైజర్:
చాలా థాంక్స్ అండి. మరి 230 సంగతి?

క్యాజువాలిటీ డాక్టర్:
అక్కడ కండ కంటే గుండెకే భయం. తడి చేత్తో కూలర్ పట్టుకుంటే ఒంటి నిరోధం వెయ్యి ఓములకి పడిపోవచ్చు, అంటే ఒంట్లోంచి 230 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతుంది. పది మిల్లీఆంపియర్ల దగ్గరే చెయ్యి బిగుసుకుని వదలదు, వంద దాటితే గుండె లయ తప్పి వణకడం మొదలెట్టొచ్చు. 30 మిల్లీఆంపియర్లు లీకయితేనే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టేది అందుకే. పడిపోయినవాడు ఊపిరి తీయకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కుతూనే ఉండండి.

స్పృహ తప్పలేదు, ఛాతీ నొప్పి లేదు, ఈసీజీ బాగుంది అంటే ఇంటికి పంపొచ్చు. స్పృహ తప్పినా, ఈసీజీలో తేడా ఉన్నా, ముందే గుండె జబ్బున్నా మానిటర్ మీద ఉంచాలి. గర్భిణి అయితే బిడ్డ గుండె కూడా చూడాలి. భుజం కదపలేకపోతే ఎక్స్‌రే తీయించండి, కండ బిగిసినప్పుడు కీలు వెనక్కి జారిపోతుంది.

ఇంకొకటి, పసివాళ్లు వైరు కొరికి పెదవి మూల కాలితే మొదటిరోజు చిన్నగానే ఉంటుంది. 5 నుంచి 14 రోజుల మధ్య పుండు మీది పక్కు ఊడినప్పుడు రక్తం ధారగా రావచ్చు. అప్పుడు పెదవి మూలని లోపలా బయటా రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టుకునే ఆసుపత్రికి రావాలి, ఇది తల్లికి చేసి చూపించి మరీ పంపండి.