డిప్రెషన్ మాత్ర వాడుతూ మైగ్రేన్ మాత్ర వేసుకోవచ్చా?

నాగావళి_ఒడ్డు: మా చెల్లి కొన్నాళ్లుగా డిప్రెషన్‌కి ఎసిటలోప్రామ్ వాడుతోంది. మైగ్రేన్ ఎక్కువైందని శ్రీకాకుళంలో న్యూరాలజిస్టుకి చూపిస్తే సుమట్రిప్టాన్ రాశారు. మందుల షాపులో రెండూ కలిపి ఇవ్వం అన్నారు. ఇంట్లోవాళ్లేమో డిప్రెషన్ మాత్ర ఆపేద్దాం అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మందులషాపు_విజయనగరం: ఇవ్వకపోవడమే కరెక్టు. రెండూ మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనంతో ముడిపడ్డ మందులే. వీటిని కలిపి వాడటం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే హెచ్చరిక ఇచ్చింది. సెరటోనిన్ మరీ ఎక్కువై సెరటోనిన్ సిండ్రోమ్ వచ్చిందంటే చెమటలు, వణుకు, గుండెదడ, జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, మనిషి అయోమయంలో పడటం. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

పలాస_టీచర్: ఆ హెచ్చరిక కొద్దిపాటి కేసులు చూసి ఇచ్చింది. ఆ ఆధారాలు చాలవని 2010లో అమెరికన్ హెడేక్ సొసైటీ చెప్పింది. 2018లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో రెండు రకాల మందులూ రాసిన 19 వేల మందికి పైగా రికార్డులు చూస్తే, ఖాయంగా ఆ సిండ్రోమే అని తేలింది ఇద్దరికి. సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు పనిచేసేది సెరటోనిన్ 1బి, 1డి రిసెప్టర్ల మీద, అంటే సెరటోనిన్ అతుక్కునే చోట్ల మీద. సిండ్రోమ్‌కి ముఖ్య కారణం 2ఏ అనే వేరే రిసెప్టర్ అంటారు. నేను ఆ రెండు మందులూ ఏళ్లుగా వాడుతున్నాను, డాక్టర్లిద్దరికీ తెలుసు.

మందులషాపు_విజయనగరం: మేడమ్, పెట్టెలో వచ్చే కాగితం మీద హెచ్చరిక ఇప్పటికీ ఉందా, లేదా?

పలాస_టీచర్: ఉంది. జాగ్రత్తగా చూసుకోమని ఉంది, అమ్మొద్దని లేదు.

మందులషాపు_విజయనగరం: ఉంది కదా. చాలు.

కొబ్బరితోట: ఈ గొడవంతా ఎందుకండీ, ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే పోలా?

పలాస_టీచర్: బాబూ, మీరు ఉద్దానం వైపు వారిలా ఉన్నారు. కవిటి, సోంపేటల్లో ఏ వీధికి వెళ్లినా డయాలసిస్ మాట వినపడే చోట ఉండి ఈ సలహా ఇస్తారా? డైక్లోఫెనాక్ లాంటివి అదే పనిగా వాడితే కిడ్నీకి చేటు. పైగా ఎసిటలోప్రామ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నెలకి పదీ పదిహేను రోజులు తలనొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

మందులషాపు_విజయనగరం: ఇందులో మేడమ్‌తో నాకు పేచీ లేదు. నన్నడిగితే ట్రామడాల్ అనే నొప్పి మాత్ర ఇంకా ప్రమాదం. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సిండ్రోమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. మైగ్రేన్ రాకుండా మన దగ్గర ఎక్కువగా రాసే ఫ్లూనరిజిన్ డిప్రెషన్ ఉన్నవాళ్లకి పడదు, ఉన్నదాన్ని పెంచుతుంది. మైగ్రేన్ రాకుండానే రాసే ప్రొప్రనలాల్‌కి ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర తోడైతే గుండె వేగం బాగా పడిపోవచ్చు. ఇవన్నీ నేను చూడాలంటే మీరు నాకు అన్నీ చెప్పాలి కదా? ఒకాయన లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్ చీటీ తెచ్చాడు. ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే ఏమీ లేదన్నాడు. ఇంట్లో సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నాడు. వణుకుతో ఆస్పత్రిలో చేరాక వాళ్ల బావమరుదులు వచ్చి నా కౌంటర్ మీద కొట్టి అడిగారు. మందు రాసిన డాక్టర్ని ఒక్కడూ అడగలేదు.

కోటజంక్షన్: లైనెజోలిడ్ సంగతి వేరు అన్నయ్యా. దానికి సెరటోనిన్‌ని విరగ్గొట్టే ఎంఏఓ ఎంజైమ్‌ని అడ్డుకునే గుణం ఉంది. ట్రిప్టాన్‌ని దాంతో పోల్చకూడదు.

మందులషాపు_విజయనగరం: తన్నులు తినబోయింది నేను. మీరు కాదు.

పలాస_టీచర్: ఆయన ఎందుకు దాచాడో ఎప్పుడైనా ఆలోచించారా? నా చీటీ చూసి ఒక షాపతను స్ట్రిప్ పైకెత్తి పట్టుకుని, "ఇది మెంటల్ మాత్ర కదమ్మా, ఎవరికి?" అని అడిగాడు. నా పక్కన మా క్లాసు పిల్లాడి తండ్రి నిలబడి ఉన్నాడు. అప్పటినుంచీ రైలెక్కి బరంపురం వెళ్లి కొనుక్కుంటున్నాను. నడివీధి కౌంటర్ దగ్గర, అంతమంది మధ్య, అన్నీ చెప్పమంటే ఎవరు చెబుతారు?

మందులషాపు_విజయనగరం: నేను అలా అరవను మేడమ్. ఎవడో చేసినదానికి నన్నంటే ఎలా?

పలాస_టీచర్: మీరు అరవరు, సరే. ఇవ్వనంటారు. ఇవ్వననగానే ఇంట్లో ఏమవుతుంది? పైన ఆ తమ్ముడు రాసింది మళ్లీ చదవండి. తలనొప్పి మాత్ర వద్దని ఎవరూ అనలేదు, డిప్రెషన్ మాత్రే ఆపేద్దాం అన్నారు. ఎప్పుడూ ఇంతే. తలనొప్పిది జబ్బు, మనసుది పొగరు అన్నట్టు చూస్తారు. మా ఆడపడుచుది ఇలాగే ఒక్కసారిగా ఆపించారు. కళ్లు తిరగడం, నిద్ర లేకపోవడం, దానికి తోడు తలనొప్పి. దాన్ని చూసి "చూశావా, ఆ మందు వల్లే" అన్నారు. నా బాధ 2006 కాగితం గురించి కాదండీ, దీని గురించి.

కోటజంక్షన్: టీచర్ గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మందులషాపు_విజయనగరం: ఆపేయమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఆపాలన్నా సైకియాట్రిస్టే మెల్లగా తగ్గించాలి. తమ్ముడూ, మీ చెల్లికి బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉందా? ఉంటే సుమట్రిప్టాన్ పడకపోవచ్చు, దాని సంగతి అక్కడే తేలిపోతుంది.

నాగావళి_ఒడ్డు: రెండూ లేవండి. న్యూరాలజిస్టుకి ఎసిటలోప్రామ్ సంగతి మేమే చెప్పలేదు. మా అమ్మ వద్దంది.

పలాస_టీచర్: రెండు చీటీలూ ఫొటో తీసి రేపే చూపించండి. అమ్మ బయట కూర్చున్నా పర్వాలేదు. ఈలోగా ఎసిటలోప్రామ్ ఒక్క పూట కూడా మాననివ్వకండి.

మందులషాపు_విజయనగరం: ఆయన చూసి చీటీ మీద రెండు మందులూ రాసి ఇస్తే నేనే ఇస్తాను. లేకుంటే ఇవ్వను. ఈ మాట మార్చను.

పలాస_టీచర్: మార్చొద్దు. "ఇవ్వను" అన్నప్పుడు "పాత మాత్ర ఆపకండి" అని కూడా చెప్పండి, మెల్లగా, పక్కవాళ్లకి వినపడకుండా.