గ్రాండ్ జ్యూరీ ‘విచారణ’ అనవచ్చా?

ప్రశ్న:

అమెరికా నేరన్యాయ పద్ధతి గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒకరిపై అభియోగం మోపవచ్చునా అని పరిశీలించే పౌరుల బృందాన్ని అక్కడ గ్రాండ్ జ్యూరీ అంటారు. అందులో ఒకచోట ‘ప్రాసిక్యూటర్లు గ్రాండ్ జ్యూరీ చేత విచారణ జరిపించి కూడా నిందితునిపై కేసు నడపడానికి నిరాకరించారు’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన నలుగురూ ఒకే సందేహం వెలిబుచ్చారు: విచారణ పూర్తయ్యాక వదిలిపెట్టడమేమిటి, ఎవరి ఒత్తిడికైనా లొంగారా అని. మూలంలో అటువంటి ధ్వని లేదు. నా వాక్యంలో లోపమెక్కడుందో పెద్దలు చెప్పగలరా?

సమాధానం:

లోపమంతా ‘విచారణ’ అన్న మాటలోనే మొదలైందని నా అభిప్రాయం. తెలుగులో ఈ ఒక్క మాటతో మనం చాలా పనులు చేయించుకుంటున్నాం. పోలీసులు ఒకరిని స్టేషనుకు పిలిచి ప్రశ్నించినా విచారణే, ఉద్యోగి మీద శాఖాపరంగా ఆరా తీసినా విచారణే, న్యాయమూర్తి ఎదుట ఇరుపక్షాల న్యాయవాదులు సాక్షులను ప్రశ్నించి వాదించినా విచారణే. కోర్టు ప్రస్తావన ఉన్న వాక్యంలో ఈ మాట పడగానే చదువరికి మూడో అర్థమే తోస్తుంది. దాని వెంట తీర్పు వస్తుందని ఎదురుచూస్తాడు. తీర్పు రాకపోయేసరికి మధ్యలో ఏదో మతలబు జరిగిందనుకుంటాడు. మీ మిత్రుల అనుమానం అక్కడి వ్యవస్థను చూసి పుట్టింది కాదు, మన మాటలో ఉన్న ఇరుకులోంచి పుట్టింది.

గ్రాండ్ జ్యూరీ గదిలో న్యాయమూర్తి కూర్చోరు. ఎదుటిపక్షం న్యాయవాదికి అక్కడ చోటు లేదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పద్ధతిలో సాక్షి సైతం తన న్యాయవాదిని గది బయటే వదిలి రావాలి. లోపల ఉండేది 16 నుంచి 23 మంది సాధారణ పౌరులు, ప్రాసిక్యూటర్, ఒక్కొక్కరుగా వచ్చే సాక్షులు, వాంగ్మూలం నమోదు చేసేవారు. సభ్యులు దోషం ఉందా లేదా అని తేల్చరు. నేరం జరిగిందనీ, దానిని ఫలానా మనిషి చేసి ఉండవచ్చనీ నమ్మడానికి తగిన కారణం ఉందా అన్నంత వరకే వారి పని. కనీసం 12 మంది ‘ఉంది’ అంటే అభియోగపత్రానికి ఆమోదం లభిస్తుంది. 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన ఐదో సవరణ ప్రకారం, తీవ్రమైన ఫెడరల్ నేరాలలో ఈ ఆమోదం లేకుండా ఎవరినీ బోనెక్కించకూడదు. (ఈ నిబంధన రాష్ట్రాలకు వర్తించదని 1884లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది, కనుక రాష్ట్రానికో తీరు ఉంటుంది.)

అయితే మీ వాక్యానికి కావలసిన కీలకం ఇంకొకటుంది. గ్రాండ్ జ్యూరీ ఆమోదముద్ర వేయడానికి మాత్రమే ఉన్నది కాదు, ఆధారాలు రాబట్టడానికి కూడా ఉన్నది. ఒక మనిషిని నోరు విప్పమని గానీ, ఒక సంస్థను తన ఖాతాపుస్తకాలు చూపమని గానీ అక్కడి దర్యాప్తు అధికారి మామూలుగా బలవంతపెట్టలేడు. గ్రాండ్ జ్యూరీ పేరిట జారీ అయ్యే సమన్లకు ఆ బలం ఉంది. వాటిని లెక్కచేయనివారు కోర్టు ధిక్కారానికి జవాబు చెప్పుకోవాలి. సాక్షి అక్కడ ప్రమాణం చేసి మాట్లాడతాడు, ఆ మాట రికార్డులో నిలుస్తుంది, రేపు అసలు కోర్టులో మాట మారిస్తే పాత వాంగ్మూలం ఎదురు నిలుస్తుంది. కాబట్టి ఒక ప్రాసిక్యూటర్ వ్యవహారాన్ని గ్రాండ్ జ్యూరీ ముందుకు తీసుకెళ్లారంటే, నేరం జరిగిందని ఆయన నిశ్చయించుకున్నారని కాదు. జరిగిందో లేదో తెలుసుకోవడానికి వేరే దారి లేదని అర్థం కావచ్చు. అక్కడి సుప్రీంకోర్టు 1950లో ఈ సంగతిని సూటిగా చెప్పింది: చట్టం ఉల్లంఘనకు గురవుతోందన్న అనుమానంతోనే కాదు, గురి కావడం లేదన్న భరోసా కోసం కూడా గ్రాండ్ జ్యూరీ ఆరా తీయవచ్చు. ఈ రెండో భాగాన్ని మనసుకు పట్టించుకుంటే మీ వాక్యంలోని ‘జరిపించి కూడా’ అన్న మాట దానంతటదే రాలిపోతుంది. ‘కూడా’ అన్నప్పుడు, తెలుసుకున్నాక కేసు పెట్టి తీరాలన్న భావం వచ్చి చేరుతోంది. అటువంటి నియమం లేదు.

తెలుసుకున్నాక వెనక్కి తగ్గడానికి కారణాలు అనేకం. ఒక్కోసారి పత్రాలు చూశాక నేరమే లేదని తేలుతుంది. ఒక్కోసారి నేరం ఉందనిపించినా దాన్ని కోర్టులో నిలబెట్టే దారి ఉండదు. గ్రాండ్ జ్యూరీ ముందు వినికిడి సాక్ష్యం (ఇతరులు చెప్పగా విన్న మాట) చెల్లుతుందని 1956లో సుప్రీంకోర్టు తీర్పు. అసలు కోర్టులో అటువంటి సాక్ష్యం చాలావరకు చెల్లదు. అక్కడ కావలసింది సహేతుకమైన అనుమానానికి తావులేని రుజువు. ‘తగిన కారణం’ ఉండటానికీ, ఆ రుజువు ఉండటానికీ నడుమ దూరం చాలా ఉంది, ఆ దూరాన్ని కొలవవలసిన బాధ్యత ప్రాసిక్యూటర్‌ది. కోర్టులో చెల్లే సాక్ష్యంతో శిక్ష పడి, అది పై కోర్టులో కూడా నిలిచే అవకాశముందని నమ్మినప్పుడే కేసు పెట్టాలని ఫెడరల్ న్యాయశాఖ నియమావళి చెబుతుంది. పైగా, ఒకసారి నిర్దోషి అని తీర్పు వస్తే అదే నేరానికి అదే ప్రభుత్వం రెండోసారి బోనెక్కించలేదు. ఉన్న ఒక్క అవకాశాన్ని అరకొర సాక్ష్యంతో ఖర్చు చేయడం కంటే ఆగడమే మేలనుకునేవారు ఉంటారు. నేరాన్ని రాష్ట్ర ప్రభుత్వమే విచారిస్తున్నదనో, సాక్షి ప్రాణానికి ముప్పుందనో ఆగే సందర్భాలూ ఉంటాయి.

మీ వాక్యంలో ‘నిందితుడు’ అన్న మాటను కూడా తీసివేయండి. గ్రాండ్ జ్యూరీ ఆరా తీస్తున్న దశలో ఆ మనిషి ఇంకా నిందితుడు కాలేదు. ‘ఆరా ఎదుర్కొంటున్న వ్యక్తి’ అంటే చాలు. ఇది పట్టింపు కాదు, న్యాయం. కేసు పెట్టని మనిషి పేరు బజారున పడకూడదన్నది కూడా గ్రాండ్ జ్యూరీ గోప్యతకున్న కారణాలలో ఒకటి. అదే గోప్యత వల్ల, లోపల ఏం జరిగిందో చెప్పే స్వేచ్ఛ ప్రాసిక్యూటర్‌కు లేదు. ఆ మౌనాన్ని బయటివారు లాలూచీ అనుకుంటారు. అనువాదకుడు ‘నిందితుణ్ణి వదిలేశారు’ అని రాస్తే ఆ అపోహకు మన భాష తరఫున సాక్ష్యం చెప్పినట్లవుతుంది.

మాట అస్పష్టంగా ఉంటే మనుషులు ఎంత కలత పడతారో మా ఇంట్లోనే చూశాను. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా చెల్లెలికి సభ్యురాలిగా రమ్మని పిలుపు వచ్చింది. ఫోనులో ‘గ్రాండ్ జ్యూరీకి పిలిచారమ్మా’ అనేసరికి మా అమ్మ కూతురి మీద కేసు పడిందనుకుని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పిలిచింది అడగడానికని, అడిగించుకోవడానికి కాదని చెప్పడానికి మా దగ్గర ఒక్క తెలుగు మాట సిద్ధంగా లేకపోయింది.

నా సూచన ఇది. పేరును ‘గ్రాండ్ జ్యూరీ’ అనే ఉంచండి. మన దేశంలో ఇప్పుడు జ్యూరీ పద్ధతే లేదు గనుక కొత్త సంస్కృత సమాసం కడితే ఎవరికీ ఏమీ తోచదు. పనిని ‘విచారణ’ అనకుండా ‘దర్యాప్తు’ అనండి. పారసీకంలో ఆ మాటకు కనుగొనడం, తెలుసుకోవడం అనే అర్థం. ఈ సందర్భానికి అంతకంటే అమరే మాట లేదు.

మరొక సభ్యుని ప్రశ్న:

దర్యాప్తు అన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ 12 మంది సభ్యులు ‘అవును, అభియోగం మోపవలసిందే’ అన్నాక కూడా ప్రాసిక్యూటర్ కాదనగలరా? అనగలిగితే ‘నిరాకరించారు’ అన్న మాట సరైనదే కదా, దాన్నెందుకు మార్చాలి?

సమాధానం:

మంచి ప్రశ్న అడిగారు. కాదనగలరు. ఆ సందర్భంలో మాత్రం ‘నిరాకరించారు’ అన్న మాట ఎవరికి, దేనిని అన్న వివరంతో రావాలి.

ఫెడరల్ నియమాల ప్రకారం అభియోగపత్రం మీద ప్రభుత్వ న్యాయవాది సంతకం ఉండాలి. 1964లో దక్షిణ మిసిసిపీలో ఒక గ్రాండ్ జ్యూరీ, ఓటు హక్కు కేసులో సాక్ష్యం చెప్పిన ఇద్దరు నల్లజాతీయుల మీద అబద్ధపు సాక్ష్యం అభియోగం మోపాలనుకుంది. పైనున్న తాత్కాలిక అటార్నీ జనరల్ నికొలస్ కాట్జెన్‌బాక్ ఆదేశం మేరకు అక్కడి ఫెడరల్ ప్రాసిక్యూటర్ రాబర్ట్ హాబర్గ్ సంతకం పెట్టలేదు. న్యాయమూర్తి హెరాల్డ్ కాక్స్ దానిని కోర్టు ధిక్కారమన్నారు. మరుసటి సంవత్సరం అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, సంతకం పెట్టమని ప్రాసిక్యూటర్‌ను నిర్బంధించలేమన్నది. న్యాయమూర్తుల మధ్య భేదాభిప్రాయాలు మాత్రం చాలా ఉన్నాయి. ఆనాటి మిసిసిపీలో ఓటు హక్కు కోసం నోరు తెరిచిన నల్లవారి స్థితి ఏమిటో ఎరిగినవారికి, ఆ పెట్టని సంతకం విలువ వేరే చెప్పనక్కరలేదు. గ్రాండ్ జ్యూరీ అమాయకులకు డాలు వంటిదంటారు; ఆ రోజు డాలు పట్టవలసిన పని ప్రాసిక్యూటర్‌కు వచ్చింది.

మనసును ఇంకా బాధించే ఉదాహరణ కొలరాడోలోని బౌల్డర్‌ది. 1996 డిసెంబరులో జాన్‌బెనే రామ్సే అనే ఆరేళ్ల పాప తన ఇంట్లోనే హత్యకు గురైంది. 1998లో మొదలైన గ్రాండ్ జ్యూరీ ఏడాదికి పైగా సాక్ష్యాలు విన్నది. 1999 అక్టోబరులో జిల్లా అటార్నీ (అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్) అలెక్స్ హంటర్, ఎవరి మీదనైనా అభియోగం మోపడానికి చాలినంత సాక్ష్యం లేదని ప్రకటించారు. గ్రాండ్ జ్యూరీయే వద్దన్నదని లోకం అనుకుంది. 2013లో కోర్టు ఆదేశంతో కొన్ని పుటలు బయటికి వచ్చాకనే, పాపను ప్రాణాపాయ పరిస్థితిలో ఉండనిచ్చారనే అభియోగంతో పాటు నేరస్థునికి తోడ్పడ్డారనే అభియోగాన్ని కూడా తల్లిదండ్రుల మీద మోపడానికి సభ్యులు ఆమోదించారనీ, హంటర్ ఆ పత్రాల మీద సంతకం పెట్టలేదనీ తెలిసింది. ఈలోగా 2008లో తర్వాతి జిల్లా అటార్నీ డి.ఎన్.ఏ. పరీక్షల ఆధారంగా ఆ కుటుంబాన్ని అనుమానం నుంచి తప్పిస్తూ క్షమాపణ లేఖ రాశారు. హత్య ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు.

ఈ రెండు కేసులకూ ‘కేసు కొట్టివేశారు’ అన్న మాట సరిపోదు, అది కోర్టు చేసే పని. ‘క్లీన్‌చిట్’ అసలే సరిపోదు. సాక్ష్యం చాలదనడం వేరు, తప్పు లేదనడం వేరు. ‘మూసివేశారు’ కూడా సందేహమే, ఎందుకంటే హత్యకు అక్కడ కాలపరిమితి లేదు, సాక్ష్యం దొరికితే రేపైనా తలుపు తెరుచుకుంటుంది. బౌల్డర్ విషయంలో నేనైతే ‘గ్రాండ్ జ్యూరీ ఆమోదించిన అభియోగపత్రంపై ప్రాసిక్యూటర్ సంతకం చేయలేదు’ అని రాస్తాను. ఏం జరిగిందో అంతే చెబుతుంది, ఎందుకన్నది చదువరికి వదులుతుంది. గ్రాండ్ జ్యూరీ తానే కాదన్నప్పుడు ‘అభియోగపత్రాన్ని ఆమోదించలేదు’ అనాలి. ఈ రెండింటినీ కలిపేసి ‘కేసు వీగిపోయింది’ అని రాయడం మనవారికి అలవాటైంది. దానిని మానుకోవాలని నా విన్నపం.

ఇంగ్లండులో ఒకప్పుడు గ్రాండ్ జ్యూరీ కాదనుకున్న అభియోగపత్రం వెనుక ‘ఇగ్నోరేమస్’ అని లాటిన్‌లో రాసేవారు. ‘మాకు తెలియదు’ అని దాని అర్థం. నిర్దోషి అని కాదు, అబద్ధపు కేసు అని కాదు. చూపించినంతలో మాకు తెలియరాలేదు అని మాత్రమే. అదే మాట తర్వాత ఇంగ్లీషులో ఏమీ తెలియని మూఢుడికి పేరయింది. న్యాయస్థానపు మాటలు ఇల్లు మారితే ఇలా తారుమారవుతాయి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాది. మనకు వచ్చేసరికి ముద్దాయి నేరారోపణకు గురైనవాడయ్యాడు.

మొదట ప్రశ్న అడిగిన సభ్యులకు: మీ మూలంలో గ్రాండ్ జ్యూరీ ఓటు వేసిందని లేనట్లయితే వాక్యాన్ని ఇలా మార్చి చూడండి. ‘ప్రాసిక్యూటర్లు గ్రాండ్ జ్యూరీ ద్వారా దర్యాప్తు జరిపి, అందిన సాక్ష్యాన్ని పరిశీలించిన మీదట, ఆ వ్యక్తిపై కేసు పెట్టకూడదని నిర్ణయించారు.’ అదే నలుగురికీ చూపించి, ఈసారి ఏమడుగుతారో ఇక్కడ రాయండి.